ఊడుగ పూల వాసన

ఫ్యాన్‌బెల్టు తెగి జీపు ఆగిపోయిన చోటు ఎలాంటిదో సుబ్బరత్నమ్మ చాలాసేపు చూడనే లేదు. ఆమె చూస్తున్నది ఈగలను. వెనక సీట్ల నడుమ పరుపు పరిచి పడుకోబెట్టిన మొగుడి కుడిచేతి మీద పొద్దున నాటువైద్యుడు గురప్ప పూసిన పావురం నెత్తురు ఎండి నల్లటి పెచ్చులు కట్టింది. దాని మీద పసరు, పసరు మీద ఆముదం, ఆముదం మీద ఈగలు. తోలితే లేచి మళ్ళీ అక్కడే వాలుతున్నాయి. చిలమత్తూరు అవతలి పల్లెలో, పశువుల కొట్టం పక్కన, గురప్ప ఆ పావురం మెడ తిప్పి, అది ఇంకా రెక్కలు కొట్టుకుంటుండగానే పక్షవాతంతో ఓబులేసు పడిపోయిన చేతి మీద దాన్ని పిండాడు, తడిబట్ట పిండినట్టు. వెచ్చటి నెత్తురు తగిలితే నరాలు మేలుకుంటాయంట. నరాలు మేలుకోలేదు గాని సుబ్బరత్నమ్మ కడుపులో తాగిన కాఫీ మేలుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి నిలబడితే, వరసలో కూర్చున్న ఆడవాళ్ళు ఆమె ఏడుస్తున్నదనుకున్నారు. "ఏడ్వాకమ్మా. నీయట్ల పతివ్రతను యాడా సూడలే. నీ పసుపు కుంకం యాడికీ పోదు" అని ఒక ముసలామె, ముక్కు చీదిన చేత్తోనే ఈమె చేయి పట్టుకుంది. ఆ తడి ఇంకా మణికట్టు మీద ఉన్నట్టే ఉంది. పతివ్రత. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఎవరో పాచినోటితో దగ్గరికొచ్చి మాట్లాడినట్టుంటుంది. ఏం చేసిందని పతివ్రత? రోజూ ఎత్తిపోస్తున్నందుకా?

మద్దిలేటి బెల్టు కోసం పోయాడు. జీపు అతనిదే, ఊళ్ళో ఎవరికి ఆసుపత్రి పని పడినా అతనే తోలుకుపోతాడు. ఎదురుగా వచ్చిన మోటారుసైకిలును చేయి అడ్డం పెట్టి ఆపి, వెనక ఎక్కి, "సోమందేపల్లిలో దొరుకుతాది వదినా. గంటలో వచ్చేస్తా. నువ్వు మాత్రం అన్నను ఇడ్సి యాడికీ పోవద్దు" అని చెప్పి మరీ పోయాడు. యాడికి పోతుంది? మూడేళ్ళుగా ఆమె ఎక్కడికి పోయింది గనక. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు పిలవడం మానేశారు. పిలిచినా పోదు, పోతే పంక్తిలో పక్కన కూర్చున్నవాళ్ళు కొంచెం జరుగుతారు. ఆమె ఒంటి మీద ఏ మురికీ లేదు, ఉదయం సాయంత్రం తలమీదుగా పోసుకుంటుంది, అయినా జరుగుతారు. వాళ్ళను అనడానికేముంది, ఆమెకు తన చేయే పడదు. సంగటి ముద్ద చేతిలోకి తీసుకోగానే ముందు గోళ్ళు వాసన చూసుకుంటుంది. ఏ వాసనా ఉండదు. అయినా ఉన్నట్టే ఉంటుంది. సబ్బు, సీకాయ, బూడిద, నిమ్మతొక్క, అన్నీ రుద్ది చూసింది. చివరికి చెంచాతో తినడం నేర్చుకుంది, సంగటిని చెంచాతో, పసిబిడ్డలాగా.

కూరలో వెంట్రుక వచ్చిందని అన్నం తట్ట ఎత్తి గోడకు కొట్టిన మనిషి కాదా ఇతను. ఎంత అసహ్యం ఇతనికి! చెంబు అడుగున బుగ్గి కనపడితే థూ. గుమ్మంలో తడికాలి గుర్తు పడితే థూ. పెళ్ళయిన కొత్తలో, ఇంకా ఆమె చేతుల గోరింటాకు పోకముందే, పక్కన పడుకున్నదాన్ని భుజం పట్టి అవతలికి నెట్టి, "పొగవాసన కొడ్తాండావు, దూరం జరుగు" అన్నాడు. ఆ రోజు వాళ్ళ అమ్మ కొత్తకోడలి చేత పదిమందికి సంగటి కెలికించింది, పచ్చి తుమ్మకట్టెలతో. పొగవాసన కాక ఇంకేం వస్తుంది? ఆ మాట ఆమె అనలేదు. అప్పుడు అనలేదు, తర్వాతా అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు జరిగే పడుకుంది. ఇప్పుడు ఆ మనిషి నోటి చివర నుంచి చొంగ తీగలాగా సాగి దిండు మీదికి దిగుతున్నది. తుడవాలి. తుడిచే గుడ్డ మోకాలి మీదే ఉంది. చేయి లేవడం లేదు. ఒక ఈగ వచ్చి ఆ తడి అంచున నిలబడి ముందుకాళ్ళు రుద్దుకుంటున్నది, అన్నానికి కూర్చోబోయేవాడు చేతులు రుద్దుకున్నట్టు. చూస్తూ ఉంది. థూ, అనుకుంది. ఈగనో, అతన్నో, తననో తెలియలేదు.

"ఊ... ఊడ..." అన్నాడు ఓబులేసు.

ఊడిందా? పంచె ఊడింది కాబోలు. అతని మాటలు ఆమెకు తప్ప ఎవరికీ అర్థం కావు. జీపు మాట్లాడి పంపిన మరిది జయరాం కూడా, అన్న నోరు తెరిస్తే, "ఏమంటాండాడు వదినా?" అని ఈమె మొహం వైపే చూస్తాడు. ఆ అంటే నీళ్ళు, బ అంటే బయటికి, నాలుక మడిచి గొణిగితే వీపు దురద. మూడేళ్ళలో ఆమె అతని నోరు అయిపోయింది. ఒకరి నోరు కావడం కంటే రోత ఏముంటుంది, వాళ్ళ చొంగతో సహా. దుప్పటి ఎత్తి చూసింది. పంచె ఊడలేదు, ముడి గట్టిగానే ఉంది. దుప్పటి ఎత్తగానే ఆముదం, వెల్లుల్లి, చెమట కలిసిన గబ్బు మొహాన కొట్టింది. ఆమె వెనక్కి తగ్గి, తలుపు తోసి, దభీమని కిందికి దిగింది. దిగిన చోట చెప్పుకు ఏదో తగిలినట్టుంటే చూసింది. పావురం ఈక. గురప్ప కొట్టంలోని పేడలో తడిసి మడమ కింద అంటుకుని ఇంతదూరం వచ్చింది. రెండు చెప్పులూ విడిచి, అక్కడే వదిలేసి, వట్టికాళ్ళతో నాలుగడుగులు వేసి తల ఎత్తింది.

అప్పుడు చూసింది చెట్లను.

ఎవరో గుట్ట మీద సున్నం చల్లి పోయారేమో అనుకుంది ముందు. వరసగా రెండేళ్ళు వాన మొహం చూడని నేల అది. బండరాళ్ళ గుండ్ల నడుమ గడ్డి కూడా తుప్పు పట్టిన రంగులో ఉంది, సీతాఫలం పొదలు ఎండి పుల్లలయ్యాయి. శివరాత్రి ఇంకా రాలేదు, చలి ఇంకా పూర్తిగా పోలేదు, ఎండ మాత్రం అప్పుడే చురుక్కుమంటున్నది. ఆ చావు నేల మీద, ఒక్క ఆకు లేని చెట్లు, మొదలు నుంచి కొన దాకా తెల్లగా. దగ్గరికి పోతే పూలు. కణుపు కణుపుకూ పూలే, ముళ్ళలాగా బిరుసెక్కిన రెమ్మల మీద కూడా పూలే. సన్నటి రేకులు వెనక్కి చుట్టుకుపోయి, నడుమ నుంచి కేసరాలు కుచ్చులాగా ముందుకు తోసుకొచ్చి, ఒక్కొక్కటీ ఇప్పుడే కళ్ళు తెరిచిన పిల్లలాగా ఉంది. చెట్టు కింద నేల కూడా కనపడటం లేదు, రాలినవే. తొక్కడానికి మనసు రాక ఒక కాలు ఎత్తి కొంగలాగా నిలబడింది, మళ్ళీ తనకే నవ్వొచ్చి దించింది. అరికాలికి చల్లగా, మెత్తగా తగిలాయి. ఎన్నాళ్ళయింది కాలికి మెత్తగా ఏదైనా తగిలి. తేనెటీగలు ఎన్నున్నాయో, చెట్టంతా సన్నగా కూనిరాగం తీస్తున్నట్టుంది. ఈగలు కావు, తేనెటీగలు. ఆమె ఊపిరి పీల్చింది. మూడేళ్ళుగా ఆమె సగం ఊపిరే పీలుస్తూ వచ్చింది, అదీ నోటితో. ముక్కును అవసరమైనప్పుడు మూసేయడం అలవాటు చేసుకుంది, తలుపు మూసినట్టు. ఇప్పుడు ఆ తలుపు దానంతటదే తెరుచుకుంది. తేనెలాగా, మరగకాచిన పాల మీగడలాగా, ఆ రెండూ కాని ఇంకేదో సన్నటి చేదు కూడా ఉన్న వాసన. లోపలికి పోయి, ఎండిన చెరువులో నీళ్ళు పారినట్టు ఒళ్ళంతా పారింది. ఇంకోసారి పీల్చింది. మొహం కొమ్మలోకి పెట్టి, రెప్పల మీద కేసరాలు తగులుతుండగా ఇంకోసారి.

ఆ వాసన ఆమెకు తెలుసు.

తెలుసు. ఎక్కడ? చొక్కా కాలరు. బండకేసి ఉతికే ముందు, సోడా నీళ్ళలో ముంచే ముందు, ముక్కు దగ్గర పెట్టుకుని, పెట్టుకున్నందుకు తనను తానే తిట్టుకున్న కాలరు. ఏటా చలి వెనకబట్టే రోజుల్లో, నాలుగైదు సార్లు, పొద్దు వాలేవేళ ఇంటికొచ్చే మొగుడి చొక్కా నుంచి ఇదే వాసన. అడిగితే పని మీద పోయినానంటాడు. ఊరు అప్పటికే చెప్పింది, తిరుపాలమ్మ దగ్గరికి పోతున్నాడని. గొల్లలపల్లెలో ఉంటుంది, మేకలు పెట్టుకుని, మొగుడు పోయిన మనిషి. ఊరు చెప్పిన మాటకు ఈ వాసనను ముడేసింది సుబ్బరత్నమ్మ. ఏ తలనూనెనో, ఏ అత్తరునో. ఈయనే కొనిచ్చి ఉంటాడు, నాకు ఒక మూర పూలు తెచ్చిన పాపాన పోని మనిషి. ఆ చొక్కాలను ఆమె వేరేగా ఉతికేది, తన చీరలతో కలవకుండా. ఉతికినన్ని సార్లూ డోకు వచ్చేది. ఇతను పడిపోయిన నెలకు తిరుపాలమ్మ వచ్చింది, కొంగులో కోడిగుడ్లు కట్టుకుని. గడప దాటలేదు. "ఎట్లుండాడమ్మా ఆయప్ప?" అని అడిగి, గుడ్లు అరుగు మీద పెట్టి పోయింది. గాలి ఆమె మీదుగా ఇంట్లోకి వచ్చింది. మేకలు, పొగ, కానుగ నూనె. అంతే. ఆ వాసన లేదు. ఇతను పడిపోయాక తలకు ఎవరి కోసం పూసుకుంటుందిలే అనుకుంది అప్పుడు. ఆ గుడ్లు కుక్కకు వేసింది. అప్పుడనుకున్నదంతా తప్పు. ఆ వాసన ఏ ఆడదానిదీ కాదు, ఈ చెట్లది. ఇప్పుడు తాను కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చుకుంటున్నది, ఇరవై ఏళ్ళు అసహ్యించుకున్నదాన్నే.

"ఊ... డు... గ."

జీపు లోంచి. ఊడింది కాదు. ఊడుగ. ఊడుగ పండ్లు ఆమె తిన్నది, చిన్నప్పుడు, వేసవిలో, వాళ్ళ పుట్టింటి జీతగాడు గుట్ట నుంచి ఆకులో చుట్టుకుని తెస్తే. నల్లటి తోలు, లోపల జిగటగా తీపి. పండే గాని పువ్వు తెలియదు, పెద్దింటి ఆడపిల్లలను గుట్టకు పోనిచ్చేవాళ్ళు కాదు. ఇతనికి పువ్వు తెలుసు. చూడలేదు కూడా, పడుకున్నచోటు నుంచి జీపు కప్పు తప్ప ఏం కనిపిస్తుంది, వాసన పట్టి చెప్పాడు. ఆమె తిరిగి జీపు దగ్గరికి పోయింది. తలుపు పట్టుకుని నిలబడింది. ఓబులేసు కళ్ళు ఎడమవైపుకు, వెలుతురు వైపుకు తిరిగి ఉన్నాయి, వాటి నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఈ చెట్లు నీకు తెల్సునా?"

రెప్ప మూసి తెరిచాడు. అవునని అర్థం.

"ఆ కాలంలో ఈడికే వస్తాంటివా? ఆ వాసన ఇదేనా?"

అవును.

"ఆయమ్మను తోడుకోని వస్తాంటివా? తిరుపాలమ్మను?"

రెప్ప కదల్లేదు. పెదవి వంకరపోయింది. గొంతులో ఏదో గురగురలాడి, చొంగ ముందు వచ్చి, దాని వెనక మాట వచ్చింది. "ఒ... ఒగ... న్నే." ఒకణ్ణే. అంత చిన్న మాటకు మెడ నరాలు ఉబ్బిపోయాయి. అబద్ధం ఆడేంత నాలుక అతనికి ఇప్పుడు లేదు.

ఒకడే వచ్చేవాడు. ఆమె జీపు పక్కనున్న గుండుకు ఆనుకుని నిలబడింది. ఒకడే. ఆడదానితో వచ్చాడంటే ఆమెకు అర్థమయ్యేది. ఊళ్ళో సగంమంది మగవాళ్ళు అంతే, ఆ రోత తెలిసిన రోతే, దానికొక పేరుంది, తిట్టుంది, చావడికి పోతే పంచాయితీ ఉంది. దీనికేముంది? బండి మీద గంటసేపు వచ్చి, ఇక్కడ ఈ గుండు మీదే కూర్చుని ఉంటాడు, ఈ చెట్టు కిందనే, మొహం ఎత్తి, తాను ఇప్పుడు పీల్చినట్టే పీల్చి ఉంటాడు. ఈ తెలుపు చూసి అతని లోపల కూడా ఏదో మెత్తబడి ఉంటుంది. మెత్తబడే చోటు ఉందన్నమాట ఇతని లోపల. ఉంది, దాన్ని దాచుకున్నాడు. ఏటా వచ్చి దానికి నీళ్ళు పోసుకుని, బుగ్గి దులుపుకుని, ఇంటికొచ్చి, సంగటిలో ఉండ తగిలిందని తట్ట తన్నాడు. ఆ ఉండ తగిలింది పూలు చూసి వచ్చిన రోజేనేమో. పొగవాసన కొడ్తాండావు అన్న నోరు ఇంత వాసన మోసుకొచ్చి ఒక్క మాట చెప్పలేదు. ఒక్క రెమ్మ తేలేదు. వెనక కూర్చోబెట్టుకుని ఒక్కసారి, ఇరవై ఎనిమిది ఏళ్ళలో ఒక్కసారి, చూడుమే, అనలేదు. రాయి అనుకుని బతికింది ఆమె. రాయితో బతకొచ్చు, రాయిని అసహ్యించుకునే పని లేదు. రాయి కాదంట. అదే, అదే ఆమెకు గొంతు దాకా వచ్చింది, పావురం నెత్తురు కంటే, చొంగ కంటే, గోళ్ళ కింది వాసన కంటే. గుండు వెనక్కి పోయి కక్కింది. పొద్దుటి కాఫీ, అంతే. నోరు తుడుచుకుంటుంటే ఒక పువ్వు భుజం మీద రాలింది.

తిరిగి వచ్చి చూస్తే అతను ఎడమచేయి ఎత్తి ఉన్నాడు, తలుపు వైపు, వేళ్ళు తెరిచి. ఒక పువ్వు కావాలి. ఆమెకు అర్థమైంది, ఆమెకెప్పుడూ అర్థమవుతుంది. ఆ క్షణంలోనే ఇంకో వాసన వచ్చింది, దుప్పటి కింద నుంచి. పరుపులోనే దొడ్డికి పోయాడు. రోజూ అయితే ఆమె చేతులు వాటంతటవే కదిలేవి, గుడ్డ, నీళ్ళు, పక్కకు తిప్పు, తుడువు. చేతులు కదల్లేదు. తలుపు దగ్గరగా వేసి, గాలి అటు నుంచి రాని వైపు చూసుకుని, చెట్లలోకి ఇంకా లోపలికి నడిచింది. వెనక మూలుగు. నడిచింది. చెట్లు అయిపోతాయనుకుంటే ఇంకా ఉన్నాయి. గుట్ట ఒంపు తిరిగితే అవతల పల్లంలో ఇంకా ఉన్నాయి, మేకలు పోయే సన్నటి దారి వాటి కిందుగా ఎక్కడికో పోతున్నది. ఈ దారి పట్టి పోతే ఏ ఊరు వస్తుందో. వచ్చిన ఊళ్ళో కూలికి పోతే ఎవరు వద్దంటారు? మద్దిలేటి వచ్చి చూస్తాడు, అరుస్తాడు, ఎత్తుకుపోయి జయరాం ఇంట్లో దించుతాడు. వాళ్ళు పావురాలు పిండుకుంటారు. అనుకోవడానికి బాగుంది. కాని ఒక చెట్టు మొదట్లో, రాలిన పూల మీద చతికిలబడింది.

కసిగానే చూడటం మొదలుపెట్టింది. నువ్వు చూసినదంతా చూస్తా, నువ్వు పీల్చినదంతా పీలుస్తా, ఆడ పడి మూలుగు. ఒక పువ్వును అరచేతిలో వేసుకుని రేకు రేకూ విప్పింది. మొగ్గ వేరేగా ఉంది, పొడుగ్గా, పచ్చగా, అగ్గిపుల్లలాగా. విచ్చినది తెల్లగా ఉంది. ముదిరినది మీగడ రంగు తిరిగింది. ఒక తేనెటీగ కాళ్ళకు పసుపు పూసుకుని, ఒక పువ్వులో తల దూర్చి, అక్కడే నిద్రపోయినట్టు ఉండిపోయింది. ఎండ కొమ్మల నుంచి సన్నగా దిగి ఆమె చేతుల మీద గీతలు గీస్తున్నది. ఆ చేతులు అరిగిపోయిన చేతులు, సోడాకు ఒరుసుకుపోయిన వేళ్ళు. అలవాటుగా ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఊడుగ. గోళ్ళ సందుల్లో కూడా ఊడుగ. అప్పుడు కసి ఎటుపోయిందో పోయింది. ఓబులేసు లేడు, తిరుపాలమ్మ లేదు, గురప్ప లేడు. ఎంతసేపో తెలియదు. ఒక గాలి వచ్చి చెట్టంతా ఒకసారి కదిలి, నెత్తి మీద, ఒళ్ళో, మోకాళ్ళ మీద రాలాయి. ఆమె దులుపుకోలేదు.

"వదినా, ఓ వదినా, యాడుండావు?"

మద్దిలేటి. బెల్టు వేసేశాడు కూడా, ఇంజను ఆడుతున్నది, వినపడనే లేదు. చేతులకు గ్రీజు, మొహం అవతలికి తిప్పుకుని ఉన్నాడు, ఒకసారి పక్కకు ఉమ్మాడు. "అన్న... గలీజు చేసుకోనుండాడు వదినా. నువ్వు లేకపోతే నాకేం చెయ్యల్లో తెలీలే" అన్నాడు.

"నీళ్ళుండాయా?"

"రేడియేటరుకు పోంగా సగం డబ్బా మిగిలుండాది."

ఆ డబ్బా తీసుకుని ఆమె శుభ్రం చేసింది. రోజూ చేసినట్టే, ఎక్కడా తొందర లేదు, ఎక్కడా వదల్లేదు. ఒక్కటే తేడా. రోజూ మొహం సాపుగా పెట్టుకునేది, అతనికి కనపడకూడదని. ఇవాళ పెట్టుకోలేదు. ముక్కు ముడిచింది, పళ్ళు బిగించింది, లోపల ఉన్నదంతా మొహం మీదికి రానిచ్చింది. ఓబులేసు చూశాడు, చూసి కళ్ళు తిప్పుకోబోయి, తిప్పుకోలేకపోయాడు. దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని, డబ్బా అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళతో పుక్కిలించి ఉమ్మింది.

వెనక తలుపు మూసి, ముందువైపుకు నడిచింది. మద్దిలేటి సీటు మీది గుడ్డా పానా తీసి కింద పడేశాడు. "ముందర కూచుంటావా వదినా? అన్న దగ్గర ఎవురుండేది?" అన్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది. అద్దం కిందికి దించింది. జీపు కదిలి, ఒంపు తిరిగింది. గాలికి వాసన ఒక్కసారి దట్టంగా లోపలికి వచ్చింది. వెనక పరుపు మీద ఏదో కొట్టుకుంటున్న చప్పుడు, మంచి చేయే అయి ఉంటుంది. "ఊ... ఊడ... ఊ..."

మద్దిలేటి బ్రేకు మీద కాలు పెట్టి వేగం తగ్గించాడు. "ఏమంటాండాడు వదినా అన్న? నిలపల్లంటాడా?"

సుబ్బరత్నమ్మ వెనక్కి తిరగలేదు. రోడ్డు పక్క చెట్లు పలచబడుతున్నాయి, ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత వట్టి బీడు.

"ఏమోప్పా, నాకేం తెల్సు" అంది. "పోనీ."